రీలు కడిగించిన రోజులు

స్టూడియో బాబాయి చీకటి గదిలో గడియారం ఉండేది కాదు. నెగిటివ్‌లోని బొమ్మని పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్‌లార్జరు దీపం వెయ్యగానే తొడమీద ఆది తాళం మొదలెట్టేవాడు. దెబ్బకి ఒక సెకను, ఆవర్తానికి ఎనిమిది దెబ్బలు. "దీనికి రెండావర్తాలు సాలు" అన్నాడంటే పదహారు సెకన్లన్నమాట. నెగిటివ్ బాగా నల్లగా ఉంటే మూడు, పల్చగా ఉంటే ఒకటి. గొంతు విప్పేవాడు కాదు, పెదాలు మాత్రం కదిలేవి. కుర్రతనంలో మా ఊరు విజయనగరంలోని సంగీత కళాశాలలో రెండేళ్లు వయొలిన్ నేర్చుకున్నాడట. 1919లో పెట్టిన కళాశాల అది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాలు, ఆ తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. తండ్రి పోయాక ఇల్లు గడవడం కోసం బాబాయి వయొలిన్ కట్టిపెట్టి ఫోటోల్లోకి వచ్చీసాడు. వయొలిన్ పోయింది గానీ తాళం పోలేదు.

ఆయన మాకు చుట్టం కాదు. గంటస్తంభం దగ్గర సందులో చిన్న స్టూడియో. ఊళ్లో సగం మందికి ఆయన బాబాయే, మిగతా సగానికి మావయ్య. నేను మొదటిసారి ఆ గుమ్మం ఎక్కింది 1981లో, తొమ్మిదో తరగతిలో ఉండగా. విశాఖలో ఉండే మా మేనమామ వాడి వాడి విసుగెత్తిన అగ్ఫా క్లిక్ త్రీ కెమెరా నాకు ఇచ్చీసాడు. రీలుకి పన్నెండు ఫోటోలు. అన్నీ నలుచదరం. ఎండ బొమ్మ దగ్గరొకటి, మబ్బు బొమ్మ దగ్గరొకటి, రెండే రెండు చోట్ల ఆగే మీట. వెనక ఓ ఎర్ర కిటికీ ఉండేది. మీట నొక్కాక, ఆ కిటికీలో తర్వాతి అంకె కనబడేదాకా రీలు మనమే తిప్పుకోవాలి. మరిచిపోతే దాని మీదే ఇంకో ఫోటో పడిపోతుంది.

నేను మరిచిపోయాను. మొదటి రీలులోనే. కోట గుమ్మం, దాని మీద మా తమ్ముడు, వాడి పొట్టలోంచి ఓ రిక్షా వెళ్తోంది. బాబాయి ఆ నెగిటివ్‌ని వెలుగుకి పట్టి చాలాసేపు చూశాడు. "1713లో కట్టిన కోటని నీ తమ్ముడు ఒక్క నిమిషంలో మింగీసినాడు గదా బాబూ" అన్నాడు. ప్రింటు వెయ్యడానికి డబ్బులు తీసుకోలేదు. ఆ ప్రింటు ఆయన గల్లాపెట్టె మీద చాలా ఏళ్లు అతికించి ఉండేది. వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. నాకు సిగ్గేసేది. కానీ ఆ సిగ్గుతోనే సాయంత్రాలు అక్కడ కూర్చోవడం మొదలైంది.

కాగితం మీద బొమ్మ రావడం గురించి చాలామంది చెప్తారు, అదేదో మంత్రంలా. నాకు గుర్తున్నది వేరు. ఎర్ర దీపం కింద, బొమ్మ తేల్చే మందునీళ్లు, అంటే డెవలపర్, ఉన్న ట్రేలో బ్రోమైడ్ పేపరు వెయ్యగానే ముందు నల్లవి వస్తాయి. జుట్టు వస్తుంది, కనుబొమలు వస్తాయి, ఆడవాళ్లయితే బొట్టు వస్తుంది. ముఖం ఆఖర్న. కొన్ని క్షణాలపాటు తెల్లటి కాగితం మీద కనుబొమలు, బొట్టు తప్ప ఇంకేమీ ఉండవు. అది ఎవరో ఈలోగా చెప్పాలని బాబాయి పందెం కట్టేవాడు. ఊరి ఆడవాళ్లని బొట్టు సైజుని బట్టి పోల్చగలిగేవాడు ఆయన. నేను మా పక్కింటావిడని ఒక్కసారి పోల్చాను, అంతే.

ఆ ఎర్ర దీపం కూడా కాగితానికే. బ్రోమైడ్ పేపరుకి ఎరుపు కనబడదు కాబట్టి చెల్లింది. ఫిల్ముకి అన్ని రంగులూ కనబడతాయి, అంచేత దాన్ని కడిగేటప్పుడు ఏ దీపమూ ఉండకూడదు. డబ్బాలోంచి రీలు తీసి, గుండ్రటి చట్రానికి ఎక్కించి, ట్యాంకు మూత బిగించేదాకా అంతా చేత్తోనే. పాడైపోయిన రీలు ఒకటి ఇచ్చి "కళ్లు మూసుకుని ఎక్కించు" అనేవాడు బాబాయి. వారం పాటు అదే పని. ఇంట్లో అన్నం తింటూ కూడా ఎడమచేత్తో ఎక్కించేవాణ్ని. అమ్మకి ఆ వాసన పడేది కాదు. నా వేళ్లు ముక్కు దగ్గర పెట్టి చూసి, "ఈ చేత్తో పెరుగన్నం తింటావేట్రా" అని చెంచా ఇచ్చేది.

ఎండాకాలం ఇంకో బాధ. డెవలపరు ఇరవై డిగ్రీల వేడిలో ఉండాలి. విజయనగరంలో మే నెలలో ఇరవై డిగ్రీలు ఎక్కడినుంచి తెస్తాం? రంపపుపొట్టులో పెట్టి అమ్మే ఐసు ముక్క గోనెసంచిలో తేవడం నా డ్యూటీ. సైకిలు వెనక కట్టుకుని వస్తుంటే చొక్కా వీపంతా తడిసేది. తెచ్చిన ఐసులో బాబాయి ముందు ఓ ముక్క కొట్టి నిమ్మరసంలో వేసుకునేవాడు. మిగిలింది డెవలపరుకి.

ఆయన దగ్గర నేర్చుకున్నదాంట్లో ఒకదాన్ని ఇన్నేళ్లూ తప్పు పట్టలేకపోయాను, ఇప్పుడు పడుతున్నాను. అది కోత. ఎన్‌లార్జరు కింద పేపరు పెట్టే పలకకి నాలుగు పక్కలా ఇనప బద్దలుంటాయి. వాటిని జరిపి అనవసరమైనదంతా కోసెయ్యడంలో బాబాయి మహా గట్టివాడు. పెళ్లి ఫోటోలో మూల నిలబడి ముక్కు గోక్కుంటున్న పిల్లాడు, గ్రూపు ఫోటోలో వెనకాల ఆరేసిన లంగా, కరెంటు స్తంభం, సైకిలు చక్రం, గోడమీద ఎన్నికల రాత, అన్నీ ఎగిరిపోయేవి. "సూసీవోడి కన్ను ఎక్కడికెల్లాలో మనమే సెప్పాల" అనేవాడు. నేను అక్షరాలా నమ్మాను. ఓ ఇరవై ఏళ్ల పాటు నేను వేయించిన ప్రింట్లలో ఒక్క కరెంటు స్తంభం లేదు.

1985లో జెనిత్ కెమెరా వచ్చింది. స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులు, విశాఖలో రష్యన్లు ఉండేవారు. వాళ్లలో ఒకాయన ఊరికి తిరిగివెళ్తూ అమ్మేసిన జెనిత్-ఇ ని అదే మేనమామ నాకోసం బేరం చేశాడు. డిగ్రీ మొదటి సంవత్సరం. నాన్న జూట్ మిల్లులో గుమాస్తా. ఆ డబ్బు ఎక్కడ సర్దాడో చెప్పలేదు, నేను అడగలేదు. కెమెరా ఇనపగుండులా ఉండేది. మీట నొక్కితే తలుపు గడియ పడ్డట్టు చప్పుడు. వెంట వచ్చిన పుస్తకమంతా రష్యన్. ఫిల్ము వేగం, అంటే దానికి వెలుగు ఎంత తొందరగా పట్టేదీ, అది కూడా వాళ్ల లెక్కలోనూ జర్మను లెక్కలోనూ ఉంటుంది, మనం వాడే ఏఎస్ఏ లెక్క ఉండదు. బాబాయి కళ్లద్దాలు పైకెత్తి చూసి, "జర్మను లెక్కలో ఇరవయ్యొకటి కాడ పెట్టు, అదే మన నూరు" అన్నాడు. దానికి వెలుగు కొలిచే మీటరు ఉంది. వెలుగు తగిలితే దానంతటదే ముల్లు ఆడుతుంది, బ్యాటరీ అక్కర్లేదు. కానీ ఆయన మీటరు చూడనిచ్చేవాడు కాదు. ఎండ కాస్తే లెన్సు కన్నం పదహారు దగ్గర పెట్టి సెకనులో నూట పాతికో వంతు కొట్టు, నీడలోకొస్తే నాలుగు దగ్గరికి రా, అంతే. దాని హీలియోస్ లెన్సుకి రెండు ఉంగరాలు. ఒకటి తిప్పితే వెలుగు ఎంత కావాలో నిర్ణయమవుతుంది, రెండోది తిప్పితే నిజంగా మూసుకుంటుంది. రెండోది తిప్పగానే కెమెరాలోంచి చూస్తున్న లోకం మీద సాయంత్రం పడిపోయేది. ఆ చీకట్లోనే మీట నొక్కాలి.

ఆ ఏడాది సిరిమానుకి దాన్ని తీసుకెళ్లాను. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అంటే మా ఊరికి ఎలాంటిదో ఆ చుట్టుపక్కల వాళ్లకి చెప్పక్కర్లేదు. పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల, వాటి వెనక సిరిమాను. ఆ పొడుగాటి చింతమాను చివర పూజారి కూర్చుని ఉంటే, మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. తెలిసినవాళ్ల మేడ ఎక్కి మధ్యాహ్నం నుంచే కూర్చున్నాను. ఒక ముప్పై ఆరు ఫోటోల రీలు. లెక్కపెట్టుకుని కొడుతున్నాను. ఏనుగుకి నాలుగు, వలకి మూడు, జనానికి అయిదు. సిరిమాను కోట ముందు తిరిగేచోట ఒక్క క్షణం ఆగుతుందని బాబాయి ముందే చెప్పాడు, అక్కడ వరసగా ఎనిమిది.

ముప్పై ఆరు అయ్యాయి. మీట ఇంకా తిరుగుతోంది. జాగ్రత్తగా ఎక్కిస్తే రీలులో ఒకటో రెండో ఎక్కువ పడతాయని విన్నాను. ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది. నా అదృష్టానికి పొంగిపోయాను. నలభై దాటాక కడుపులో ఏదో కదిలింది.

బాబాయి చీకట్లో తెరిచి చూశాడు. ఫిల్ము మొన చక్రానికి పట్టుకోనే లేదు. "రీలు గడప దాటలేదు బాబూ" అన్నాడు. "కొత్త పెళ్లికూతుర్లాగ డబ్బాలోనే కూసుంది." రీలు తిప్పినప్పుడల్లా ఎడమపక్క గుండీ తిరుగుతోందో లేదో చూడాలట. అది తిరిగితేనే లోపల ఫిల్ము కదులుతున్నట్టు. ఈ ముక్క ముందు చెప్పొచ్చు కదా అని నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ నా దగ్గర 1985 సిరిమాను లేదు. అయినా ఆ సాయంత్రం కెమెరా కంట్లోంచి చూసిన ఒక్కో చట్రం నాకు ఇంకా కంఠతా వచ్చు. మరుసటి ఏడాది తీసినవి, ఆల్బంలో ఉన్నవి, అంత గుర్తు లేవు.

ఆ కెమెరాతో నాలుగేళ్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నేను తిరగని సంత లేదు, ఎక్కని పల్లెవెలుగు బస్సు లేదు. అప్పటికి ఆ పేరు లేదనుకోండి. అరసవిల్లి వెళ్లాను. మార్చిలోనూ అక్టోబరులోనూ ఏడాదికి రెండుసార్లు పొద్దుటి కిరణాలు గుమ్మాలు దాటుకుంటూ వెళ్లి సూర్యనారాయణమూర్తి పాదాల మీద పడతాయి కదా, దానికోసం. లోపల ఫోటోలు తియ్యనివ్వరు. ఇప్పుడు తలుచుకుంటే, కెమెరా అన్న మాటకి అర్థమే గది. చీకటి గదిలోకి కన్నంలోంచి వెలుగు రావడం. ఆ గుడి కట్టినవాళ్లకి ఆ సంగతి మా అందరికంటే బాగా తెలుసు. కెమెరా చెప్పుల దగ్గర వదిలి మనశ్శాంతిగా దణ్ణం పెట్టుకోలేకపోయాను అన్నది వేరే విషయం.

పొందూరు మాత్రం ఫలించింది. ఖద్దరు నేసే ఊరు. అక్కడ ఓ ముసలమ్మ వసారాలో కూర్చుని పత్తి శుభ్రం చేస్తోంది. చేతిలో వాలుగ చేప దవడ ఎముక. దాని పళ్లు ఎంత సన్నమంటే, దూదిని దువ్వెనతో దువ్వినట్టు దువ్వుతుంది, చెత్త రాలిపోతుంది, పోగులన్నీ ఒకవైపుకి తిరుగుతాయి. సన్న నూలు రావాలంటే అలాగే దువ్వాలట. వసారాలో వెలుగు లేదు. లెన్సు పూర్తిగా తెరిచి, ముప్పయ్యో వంతు సెకను పెట్టి, ఊపిరి బిగబట్టి కొట్టాను. ముసలమ్మ మొహం మసకగా పడింది. ఎముక మీద వేళ్లు మాత్రం గోటి పగులుతో సహా వచ్చాయి. బాబాయి దాన్ని చూసి తాళం వెయ్యడం ఆపేశాడు, ఆ ప్రింటుకి ఒక ఆవర్తం ఎక్కువ పడి నల్లబడిపోయింది. మళ్లీ వేశాడు. ఓ పత్రిక పోటీకి పంపాను. బహుమతీ రాలేదు, ప్రింటూ తిరిగి రాలేదు. స్టాంపులంటించిన కవరు కూడా లోపల పెట్టాను మరి.

ఇక అక్క ఫోటో. 1986. అక్కకి సంబంధాలు చూస్తున్నారు. స్టూడియోకి తీసుకెళ్తే పౌడరు కొట్టి, వెనక నదీ, కొబ్బరిచెట్లూ ఉన్న తెర వేసి తీస్తారు. అక్క నేనా తెర ముందు నిలబడనంది. సరే, నేనే తీస్తానన్నాను. అప్పట్లో ఊటీలో తయారయ్యే ఇందు ఫిల్ము జెనిత్‌లో వేశాను. కొత్తపేటలో మా పెంకుటింటి వెనక వసారా ఉత్తరం వైపు, పొద్దున్న పూట నీడ వెలుగు మెత్తగా ఉంటుంది. గోడ నిండా సున్నం పెచ్చులు. అంచేత తెల్ల దుప్పటి ఒకటి అడ్డం పట్టమన్నాను. చెరో కొసా అమ్మా పిన్నీ పట్టుకున్నారు. మేకు కొట్టడానికి గోడ ఒప్పుకోలేదు. గాలికి దుప్పటి పొంగినప్పుడల్లా అక్క నవ్వేది. "నవ్వకు, పళ్లు కనబడతాయి" అని దుప్పటి వెనకనుంచి పిన్ని. "రీలు దండగ చెయ్యకురా" అని రెండోపక్కనుంచి అమ్మ. అమ్మకి ఫోటోలంటే అదే మాట. తనని తియ్యబోతే ముందు ఆ మాట, తర్వాత చెంగు మొహానికి అడ్డం.

పది ఫోటోలు తీశాను. బాబాయి తొమ్మిదోది ఎంచాడు. అక్క చేతులు వెనక్కి పెట్టుకుని, తల కొంచెం వంచి, నవ్వు ఆపుకుంటున్న ఫోటో. ఇనప బద్దలు జరిపాడు. "పెళ్లిసూపుల ఫోటోల పిల్ల తప్ప ఇంకేటీ ఉండకూడదు" అన్నాడు. మూడు కాపీలు వేశాడు. ఒక కాపీ బొబ్బిలి వెళ్లింది. "పిల్ల చాలా అణకువగా ఉంది, చేతులు ఎలా పెట్టుకుందో చూడండి" అన్నార్ట మగపెళ్లివారు. ఆ ఏడాదే పెళ్లయిపోయింది. సంబంధం కుదిర్చిన ఫోటోగ్రాఫర్ని అని నేను మా బావ దగ్గర ఇప్పటికీ కట్నం అడుగుతుంటాను.

తర్వాత ఉద్యోగం. బ్యాంకులో, ఊరూరా బదిలీలు. రంగుల రీళ్లు వచ్చాయి, ఇంటింటికీ ఓ యాషికా కెమెరా వచ్చింది, కడగడాన్ని గంటలో మిషను చేసేసింది. జెనిత్ లెన్సులోకి మన సముద్రపు తేమ వెళ్లి అంచున సాలెగూడులాగ బూజు పట్టింది. దాన్ని బియ్యం డబ్బాలో పెట్టాను. పెట్టి మరిచిపోయాను. ఆ ఏళ్ల గురించి చెప్పుకోవడానికి ఫోటోలున్నాయి గానీ కథలు లేవు. బాబాయి స్టూడియోలో ముందు జెరాక్సు మిషను వచ్చింది, తర్వాత బోర్డు మారింది. ఆయన పోయిన కబురు నాకు ఆర్నెల్ల తర్వాత తెలిసింది.

2007లో నికాన్ డి-40 డిజిటల్ కెమెరా కొన్నాను. ఫోటోకి అరవై లక్షల చుక్కలు, అంటే పిక్సెళ్లు, ఇప్పుడు ఫోన్లు చూసి నవ్వుకునే లెక్క. నాకు మాత్రం మత్తెక్కింది. లెక్కపెట్టక్కర్లేదు! అక్క మనవరాలి బారసాలకి నాలుగొందల ఫోటోలు తీశాను. అందులో ఏది బాగుందో ఇప్పటికీ తేల్చలేదు. పెద్ద లెన్సు ఒకటి కొని టెక్కలి దగ్గర తేలినీలాపురం పరుగెత్తాను. 1987లో జెనిత్‌తో వెళ్తే చింతచెట్ల మీద పక్షులు ఆవగింజల్లా పడ్డాయి, ఆ కసి. ఈసారి గూడబాతు గొంతుసంచీలో పిల్ల తల దూర్చి చేప లాక్కోవడం కళ్లకి కట్టినట్టు వచ్చింది. వాటిని అందరూ సైబీరియా పక్షులంటారు. నిజానికి ఆ గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ మన దక్షిణాసియాలోనే పుట్టి పెరిగేవి. ఈ మాట అక్కడ ఓ పెద్దాయనతో అంటే, "ఆడపిల్లలు బాబూ, పురుటికి పుట్టింటికొస్తాయి. ఏ దేశమైతే ఏటి?" అన్నాడు. నేను మళ్లీ నోరెత్తలేదు.

ఆ పక్షులూ, ఆ బారసాలా, మూడేళ్ల ఫోటోలు మొత్తం ఒక హార్డ్‌డిస్కులో ఉండేవి. ఓ రోజు అది టకటకమని చప్పుడు చేసి ఊరుకుంది. బాగుచేస్తామన్నవాళ్లు అడిగిన డబ్బుకి ఇంకో కెమెరా వస్తుంది.

2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను. అప్పటికి నేను బదిలీ మీద సొంత ఊరికి వచ్చి అదే పెంకుటింట్లో ఉన్నాను. ఆదివారం పొద్దుట మొదలైన గాలికి వసారా మీద పెంకులు విస్తరాకుల్లా లేచిపోయాయి. అటక మీదకి ధార కట్టింది. మర్నాడు నిచ్చెన వేసుకుని ఎక్కితే, పాత బిస్కట్ల రేకుడబ్బాలో బెత్తెడు నీళ్లు, ఆ నీళ్లలో నా నెగిటివ్‌లన్నీ. నూనె కాగితం కవర్లతో సహా ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి.

గభాలున ఎండలో పరిచేద్దామని చెయ్యి పెట్టాను. చెయ్యి ఆగిపోయింది. ఎప్పుడో ఓ వానాకాలం స్టూడియో కారినప్పుడు బాబాయి అరిచిన అరుపు గుర్తొచ్చింది. "ఎండనీకు! అంటుకున్నయ్యి ఎండినాయంటే ఇంక బెమ్మదేవుడొచ్చినా ఊడవు. నీళ్లల్లోనే ఉంచు!" బకెట్లో నీళ్లు పోసి అన్నీ మునిగేలా వేశాను. కరెంటు లేదు, మోటారు లేదు, నూతిలోంచి చేదుకోవడమే. ఊరంతా తాగేనీళ్లకి అల్లాడుతుంటే ఈ మనిషి ఫోటోలకి తలంటి పోస్తున్నాడని మా ఆవిడ. ఆవిడ మాట న్యాయమైనదే. ముందు ఇంట్లోకి పది బకెట్లు చేది పోశాను, పక్కవాళ్లకి నాలుగు. ఆ తర్వాతే నా పని. నానినకొద్దీ కాగితం జారిపోయింది. పట్టీ పట్టీ విడదీసి, రెండు నీళ్లలో జాడించి, ఆఖరి నీళ్లలో షాంపూ చుక్క ఒకటి వేసి, చుక్కలు మరకలు కట్టకుండా. చొక్కా క్లిప్పులతో దండేనికి వేలాడదీశాను. ఒక్కోదాంట్లో ఆరు ఫోటోలున్న పట్టీలు, ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా మూడు వరసలు. తుఫాను వెళ్లిన మర్నాటి ఎండ చాలా శుభ్రంగా ఉంటుంది. ఆ ఎండలో ఒక్కోదాన్నీ కిందినుంచి చూసుకుంటూ నడిచాను.

అక్క పట్టీ దగ్గర ఆగాను. నెగిటివ్ కదా, తెల్ల దుప్పటి నల్లగా ఉంది, అక్క జుట్టు తెల్లగా ఉంది, ఇప్పటి అక్కలాగే. దుప్పటి రెండు అంచులా ఏవో వేళ్లు. దుప్పటి కింద, ఎడమపక్క, రెండు పాదాలు.

ప్రింటులో ఇవేవీ లేవు. బాబాయి కోసేశాడు.

వాటిని కంప్యూటర్లోకి ఎక్కించడానికి ఏడాది పట్టింది. స్కానరు కొనే ఓపిక లేదు. నెగిటివ్‌ని కెమెరాతోనే ఫోటో తియ్యొచ్చని చదివి, ఆ ప్రయోగంలో పడ్డాను. డి-40కి తగిలించడానికి ఓ అడాప్టరు రింగూ, మధ్యలో పొడుగు గొట్టాలూ తెప్పించి, వాటికి బియ్యం డబ్బాలోంచి తీసిన హీలియోస్ బిగించాను. అలా బిగిస్తే దూరంవి మసకే గానీ, దగ్గరవి దివ్యంగా పడతాయి. నాకు కావలసింది దగ్గరే. కెమెరాకి ఆ లెన్సు ఉందన్న సంగతే తెలీదు, మీటరు పనిచెయ్యదు. ఒకటి కొట్టడం, వెనక తెరలో చూసుకోవడం, మళ్లీ కొట్టడం. కింద సెల్‌ఫోను తెల్ల తెర పెట్టి, దాని చుక్కలు పడకుండా మధ్యలో పాలరంగు ప్లాస్టిక్ పలక పెట్టాను. నలుపు తెలుపు కాబట్టి నెగిటివ్‌ని తిరగేసి మామూలు బొమ్మ చెయ్యడం తేలిక. రంగుల నెగిటివ్‌లైతే వాటికో నారింజరంగు పొర ఉంటుంది, అది వదిలించేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

అలా 1986లో అక్కని చూసిన లెన్సే 2015లో మళ్లీ అక్కని చూసింది, అంచున బూజుతో.

తెరమీద పెద్దది చేసి చూశాను. ఆ ఎడమపక్క పాదాలు పీట మీద ఉన్నాయి. పీట మీద కూడా మడమలు పైకి లేచి ఉన్నాయి. పొట్టిమనిషి, దుప్పటి అందక, మునివేళ్ల మీద నిలబడింది. పది ఫోటోలూ అయ్యేదాకా. అమ్మ పోయి అప్పటికి పదకొండేళ్లు. మా ఇంట్లో దండ వేసి ఉన్న ఫోటో రేషన్ కార్డుకోసం తీసింది, అందులో మొహం ఎవరిమీదో కోపంగా ఉంటుంది. నేను ఆ మడమల్ని చాలాసేపు చూసుకుని, మొత్తం ఫోటోని అక్కకి వాట్సప్‌లో పంపాను. కింద "అమ్మ కాళ్లు" అని రాశాను.

అయిదు నిమిషాల్లో ఫోను.

"ఒరే, అవి అమ్మ కాళ్లు కావురా. పిన్నివి."

"పిన్ని పొడుగు కదే?"

"పిన్ని ఏ మూల పొడుగురా? కొప్పు పొడుగు. ఆ మట్టెలు చూడు, రెండు చుట్లవి, పిన్నివే. అమ్మ అటేపు. కుడిపక్కకి జరుపు."

జరిపాను. కుడి అంచున దుప్పటి కొసని పట్టుకున్న నాలుగు వేళ్లు తప్ప ఇంకేం లేవు.

"చూపుడు వేలికి గుడ్డ కట్టి ఉందా?"

పెద్దది చేశాను. ఉంది. నేను దాన్ని నెగిటివ్ మీద మరక అనుకుని, చెరిపేద్దామని గుర్తు కూడా పెట్టుకున్నాను. బాగా చూస్తే సన్నటి అంచు ఉన్న గుడ్డ, ముడి పైకి లేచి ఉంది.

"నాన్న పాత పంచె చింపి కట్టాను" అంది అక్క. "ఆ రోజు పొద్దున్న కంద కోస్తుంటే కత్తిపీటకి తెగింది. నువ్వు అప్పుడే కెమెరా పట్టుకుని ఎండ పోతోంది ఎండ పోతోంది అని ఒకటే గోల. సరేనని మిగతా కంద నేను కోసీసి వచ్చి నిలబడ్డాను. కందకి లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ, దురదంతా నాకే పట్టుకుంది. రెండు చేతులూ మోచేతులదాకా. ఫోటో తీస్తున్నంతసేపూ వెనకాల గోక్కుంటూనే ఉన్నాను."

నేను మళ్లీ ఫోటోలో అక్క దగ్గరికి వచ్చాను. వంచిన తల, ఆపుకుంటున్న నవ్వు, వెనక్కి పెట్టుకున్న చేతులు.

"మీ బావకి చెప్పకు" అంది. "ముప్పై ఏళ్లబట్టీ అణకువనుకుంటున్నారు."